పంపు రెండూ, ఇటు చూడు

మహోదక కంపెనీ మెడ వంచిన మొనగాణ్ణి నేనే. ఇంకెవడన్నా ఆ మాట అంటే నమ్మకండి. సముద్రాన్ని పిండి మంచినీళ్లు తీసే కంపెనీ అది. దాని ఈ చివరి గేటులో అడుగుపెట్టిన సూడిగొర్రె ఆ చివరి గేటుకి చేరేసరికి పిల్లతో సహా బయటికొస్తుందని చెప్పుకునేవాళ్లం. అంతటి కంపెనీని ఐదో తరగతి గట్టెక్కని చెంచయ్య, అంటే నేను, చెయ్యెత్తకుండా, గొంతెత్తకుండా, ఒక్క పూటలో దారికి తెచ్చాను. ఎట్లా తెచ్చానో చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

మాది గుండ్లకమ్మ సముద్రంలో కలిసే వైపు. బావులన్నీ ఉప్పెక్కి, తాటిచెట్లు కూడా దాహానికి నాలుక బయటపెట్టిన కాలంలో మహోదక వచ్చింది. పేరు మా నోరు తిరక్క మోదకం అన్నాం. మోదకం నీళ్లిచ్చింది, పనిచ్చింది, ఊరి జనాన్నంతా ఎత్తి తన క్వార్టర్లలో పెట్టుకుంది. కాదనను, దాని నీళ్లు తాగే ఇన్నాళ్లు బతికాను. కాని చూస్తుండగానే మా నోళ్లు మారిపోయాయి. కొత్తవాడు కనపడితే ఎవరి తాలూకు అని అడగటం మానేసి, ఏ సెక్షను అని అడగసాగాం. పెళ్లి మాటలకి పోతే, "మేం ఫిల్టర్లమండీ, పంపులతో మాకు సంబంధాలు లేవు" అని మొహాన చెప్పేవాళ్లు. ఫిల్టర్లది ఒక వీధి, ట్యాంకర్లది ఒక వీధి. మనిషి పోతే పాడె మొయ్యటానికి కూడా సెక్షను వాళ్లే రావాలి. ఇంటిపేర్లు పిల్లలకి చెబితే, అదేం సెక్షను తాతా అని అడిగేవాళ్లు.

నాకు సెక్షను లేదు. మా అమ్మాయి అంకమ్మ, అల్లుడు మాల్యాద్రి పంపుల్లో పని. కంపెనీలో దాని పిలుపు పంపు రెండు, అతనిది పంపు ఏడు. పుట్టినప్పటినుంచి మోసిన నా పేరు ఎక్కడో జారిపోయి, కాలనీలో నేను "పంపు రెండు తాలూకు ముసలాయన" అయ్యాను.

ఇట్లా ఉండగా కంపెనీకి ఒక అనుమానం పట్టుకుంది. పనిలో ఉన్న మనిషి చెవిన సొంత పేరు పడితే చాలు, చెయ్యి మీట మీదున్నా మనసు ఇంటికి పరిగెత్తుతుంది. పొయ్యి ఆర్పానా, పిల్లకి జ్వరం తగ్గిందా. పొరపాట్లన్నీ ఆ కాసేపట్లోనే జరుగుతున్నాయట. మందు కనిపెట్టమని డాక్టర్ నిరంజనిని తెచ్చారు. సూది పొడిచే డాక్టరు కాదు, మెదడు చదివిన డాక్టరు. సన్నగా ఉంటుంది, నవ్వితే పెద్దగా నవ్వుతుంది.

మొదటి పరీక్షకి అంకమ్మను పిలిచారు. తోడుగా నన్ను రమ్మన్నారు. ఒక గది నిండా స్పీకర్లు పెట్టి, చేపల సంతలాగా గోల పెట్టించారు. ఆ గోలలో ఒక మూల స్పీకరు మెల్లిగా "అంకమ్మా" అంది. అంకమ్మ మెడ చటుక్కున అటు తిరిగింది.

మేనేజరు భవానీశంకర్ గారు వేలు చూపించాడు. "చూశారా డాక్టర్ గారూ, ఇదే రోగం. సంతంతా అరుస్తున్నా పట్టించుకోని మనిషి, తన పేరు గొణిగితే మాత్రం వింటుంది."

"రోగం కాదండీ, అందరి తలకాయా అంతే," అంది నిరంజని. "సొంత పేరు కోసం లోపల ఒక కాపలావాడు కునుకు తీయకుండా కూచుని ఉంటాడు."

"అయితే వాణ్ణి పడుకోబెట్టండి."

ఆమె చింతగింజ పొట్టంత బిళ్ల ఒకటి తీసి అంకమ్మ చెవి వెనక అంటించింది. "తాతగారూ, మీరు ఇంట్లో ఎట్లా పిలుస్తారో అట్లా కాసేపు పిలవండి, గింజ నేర్చుకుంటుంది" అంది. పిలిచాను. గింజ పచ్చగా వెలిగి ఊరుకుంది. మళ్లీ సంత మొదలైంది. స్పీకరు "అంకమ్మా" అంది. పిల్ల కదల్లేదు. నేను దాని పక్కనే నిలబడి, నోరారా, "అంకమ్మా" అన్నాను. గోడ వైపు చూస్తా కూచుంది.

అయినా బుద్ధి పోదు కదా. "నీ చీరకి నిప్పంటుకుందే" అన్నాను.

"నిప్పా, ఎక్కడ?" అని ఎగిరి లేచింది.

నిరంజని పకపకా నవ్వింది. "చెవుడు కాదు తాతగారూ. మాటలన్నీ వినపడతాయి. పేరు కూడా వినపడుతుంది. తగలదు, అంతే. మన ఇంటి గడియారం చప్పుడు మనకి వినపడుతుందా?"

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి భవానీశంకర్ గారు మామూలు గొంతుతో "పంపు రెండు" అన్నాడు. మా పిల్ల నిటారుగా నిలబడింది. కంపెనీ పిలుపుని గింజ పట్టుకోదు. పైగా అడ్డం వచ్చేవేవీ లేవు కాబట్టి అదే గంటలాగా మోగుతుందట.

తర్వాత కాలనీ అంతటికీ గింజలు. షిఫ్టు ఎక్కేటప్పుడు పెట్టుకోవాలి, దిగేటప్పుడు తియ్యాలి. ఒక్కొక్కరికీ ఇంట్లోవాళ్లు వచ్చి, ఇంట్లో పిలిచే పిలుపు గింజకి నేర్పాలి. అక్కడ వచ్చింది తమాషా. మొగుడి పేరు పెట్టి పిలవమ్మా అంటే ఆడవాళ్లు మెలికలు తిరిగిపోయారు. "పేరు చెప్పేదెట్లా, మేం అట్లాంటోళ్లం కాదు" అని కొంగు నోట్లో కుక్కుకున్నారు. విసుగొచ్చి, "పోనీ ఎట్లా పిలుస్తారో అట్లాగే పిలిచి చావండి" అన్నాడు అక్కడి గుమాస్తా. వరసబెట్టి అందరూ "ఏవండీ" అన్నారు. దాంతో కంపెనీలోని మగాళ్లందరికీ ఏవండీ అనే మాట తగలకుండా పోయింది. ఆ పైన ఎవరన్నా మర్యాదగా "ఏవండీ, కాస్త జరగండి" అంటే ఒక్కడూ జరిగేవాడు కాదు. "ఒరేయ్" అంటే జరిగేవాడు. మర్యాద అట్లా పోయింది మా కాలనీలో.

దానికి నవ్వుకున్నాం. ఆడవాళ్ల గింజలకి పిల్లలొచ్చి ఏం నేర్పారో అప్పుడు ఎవరం ఆలోచించలేదు. మా మనవరాలు నాగవేణి, స్టూలెక్కి నిలబడి, గింజ దగ్గర నోరుపెట్టి, "అమ్మా" అంది. దాని వెనకాల నిలబడ్డ పిల్లలంతా అదే అన్నారు. ఇంకేం అంటారు?

గింజ తీసేస్తే అంతా మామూలే అన్నారు. మామూలు కాలేదు. పగలంతా పడుకోబెట్టిన కాపలావాడు సాయంత్రానికి మాత్రం ఎందుకు లేస్తాడు? ఇంటికొచ్చి అన్నం వండుతున్న అంకమ్మను నాగవేణి అమ్మా, అమ్మా అని చుట్టూ తిరిగి పిలిచేది. చీర పట్టి లాగితేగాని చూసేది కాదు. నేను "ఏమ్మా అంకమ్మా" అంటే, కిటికీలోంచి ఎవరో పోతున్నట్టు ఉండేది. మనిషి మంచిదే. ప్రేమ పోలేదు. పిలిస్తే పలికే చోటుకి తాళం పడింది.

ఒకరోజు పేరమ్మ, అంటే మా ఇంటిది, దోసెలు పోస్తా ఉంది. నాగవేణి జడ విప్పుకుని వచ్చి, తల్లి వెనక నిలబడి, తాపీగా అంది.

"పంపు రెండూ, ఇటు చూడు. జడ వెయ్యి."

అంకమ్మ వెంటనే తిరిగింది. దువ్వెన అందుకుంది. చక్కగా పాయలు తీసి జడ వేసింది. తనను ఏమని పిలిచిందో కూడా దానికి పట్టలేదు. పేరమ్మ అట్లకాడ పెనం మీదే ఆగిపోయింది. దోసె మాడిపోయింది.

"ఎప్పట్నించే ఇట్లా పిలుస్తున్నావు?" అని తర్వాత పిల్లను అడిగాను.

"అట్లా అయితేనే పలుకుద్ది తాతా," అంది. "మా క్లాసులో అందరూ ఇట్లాగే పిలుస్తారు. పావని వాళ్లమ్మ ఫిల్టరు నాలుగు."

ఆ వారంలోనే మాల్యాద్రి చెయ్యి పెద్ద వాల్వు చక్రంలో ఇరుక్కుంది. నొప్పి పుడితే మనిషి నోట్లోంచి ముందు వచ్చేది ఏంది? అమ్మా అనే కదా. అతనూ అదే అరిచాడు. గొంతు చించుకుని అరిచాడు. అడుగు దూరంలో నలుగురు ఆడవాళ్లు, నలుగురూ తల్లులే, మీటల మీద చేతులు పెట్టుకుని పని చేసుకుంటా ఉన్నారు. అందులో ఒకతె అతని పెళ్లాం. ఎంత అరిచినా ఎవరికీ తగల్లేదు. ఆఖరికి అతని బుద్ధికి తట్టి "పంపు రెండు" అన్నాడు. అంకమ్మ తిరిగింది, చూసింది, పరిగెత్తి చక్రం ఆపింది. అప్పటికి చూపుడువేలు, నడిమివేలు పోయాయి.

ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చి మంచం మీద కూచున్న అల్లుడు నాతో అన్నాడు, "మామా, నా పెళ్లాం నంబరు గుర్తుంది కాబట్టి బతికా. కొందరికి పెళ్లిరోజే గుర్తుండదు."

ఎవరం నవ్వలేదు. అంకమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూచుని ఉంది.

"నాన్నా," అంది. "ఆయన అమ్మా అని అరిచాడంట. నేను విన్నా నాన్నా. వినపడింది. నాకు తగల్లా."

మాల్యాద్రి కట్టులేని చేత్తో దాని తల నిమిరాడు.

కంపెనీ విచారణ జరిపింది. గింజ పెట్టటం, తియ్యటం, ఈ రెండింటి మధ్య మనసు తికమక పడుతోంది కాబట్టి ప్రమాదం జరిగిందని తేల్చారు. అందుకని ఇక తీసే పనే లేకుండా, చెవి వెనక చర్మం కింద కొత్త గింజ కుట్టేస్తారట. జన్మకి ఒక్కసారి నేర్పితే చాలు. కుట్టించుకోనివాళ్లు నిరభ్యంతరంగా క్వార్టరు ఖాళీ చేసి, కుళాయి వదిలి వెళ్లవచ్చు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. వెళ్లి ఏం తాగుతాం?

నాగవేణి పిలుపుకి అంకమ్మ ఇక ఈ జన్మలో పలకదు. అదీ సంగతి.

నేను కర్రపుచ్చుకుని నిరంజని గదికి వెళ్లాను. తిడదామనే వెళ్లాను. మంచి తిట్లు దారిపొడవునా పోగేసుకున్నాను. ఆమె బల్ల మీద ఫోను మోగుతా ఉంది. తీసి, విని, "ఊఁ, ఊఁ, ఉంటానమ్మా" అని పెట్టేసింది.

"మా అమ్మ," అంది. "గింజ ముందు నా చెవికే పెట్టుకుని చూసుకున్నాను తాతగారూ. మా అమ్మ నన్ను కన్నా అంటుంది. ఇప్పుడు ఆ మాట వస్తే, కన్నం అన్నట్టో, కంచం అన్నట్టో ఉంటుంది. తీసేసి ఏడాదైంది."

పోగేసుకున్న తిట్లు ఎటుపోయాయో తెలియలేదు. "మరి ఆపరాదా తల్లీ?"

"నేను ఆపితే ఇంకొకరు కుడతారు. ఎట్లా చెయ్యాలో కంపెనీ దగ్గర రాసి ఉంది." కాసేపు బల్ల గీకింది. "కొత్త గింజకి పాతదేం గుర్తుండదు. కొత్తగా ఏది నేర్పితే అదే మూస్తుంది. దానికి మంచీ చెడ్డా తెలీదు. ఇంట్లోవాళ్లు ఏమని పిలిస్తే అదే ఇంటి పిలుపు అనుకుంటుంది."

ఈ మాట ఆమె నా మొహంలోకి చూస్తా చెప్పింది. నాకేం అర్థం కాలేదు. ఇంటికొచ్చి పేరమ్మకి ఉన్నదున్నట్టు అప్పజెప్పాను, పాఠం అప్పజెప్పినట్టు. పేరమ్మ చాటలో బియ్యం ఏరుతా ఉంది. చెయ్యి ఆపింది.

"ఏమయ్యా, ఆ మాట మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను.

"ఇంట్లో ఏమని పిలిస్తే అదే మూసుద్దా?"

"అట్లాగే అంది."

పేరమ్మ చాట పక్కన పెట్టి, చెప్పులేసుకుని, కుళాయి దగ్గరికి వెళ్లింది. బిందె తీసుకెళ్లలేదు. ఆడవాళ్లంతా నీళ్లకి వచ్చే వేళ అది. పంపులు, ఫిల్టర్లు, ట్యాంకర్లు, వీధి భేదం లేకుండా అందరూ అక్కడికే రావాలి కదా. తిరిగొచ్చేసరికి చీకటిపడింది, మొహం మాత్రం కొత్త చెంబులాగా ఉంది.

ఇప్పుడు మొదట్లో నేను కొట్టిన డబ్బా సంగతి చెప్పాలి. కంపెనీ మెడ వంచింది నేను కాదు. ఉపాయం పేరమ్మది, నోరు ఆడవాళ్లది, చెవులు పనివాళ్లవి. ఇంకా నిజం చెప్పమంటే, పేరమ్మ చెప్పినప్పుడు "ఇది పారదే, పిచ్చిదానా" అన్నది నేనే. కుట్టు జరిగిన రోజున నేను చేసిందల్లా నాగవేణి స్టూలెక్కితే దాని చెప్పులు పట్టుకుని నిలబడటం. గొంతెత్తలేదు, చెయ్యెత్తలేదు అన్నానా లేదా? అందులో అబద్ధం లేదు.

ఆ రోజు పెద్ద షెడ్డులో బారులు తీరాం. భవానీశంకర్ గారు ఇస్త్రీ చొక్కాతో పర్యవేక్షణ. మొదట మా వంతే వచ్చింది. నిరంజని గింజ పట్టుకుని, "మీ అమ్మను ఇంట్లో ఎట్లా పిలుస్తావో అట్లా పిలువు పాపా" అంది.

నాగవేణి గొంతు సవరించుకుంది. "పంపు రెండూ, ఇటు చూడు. పంపు రెండూ, అన్నం పెట్టు. పంపు రెండూ, నిద్దరొస్తుంది."

నిరంజని తలెత్తి పేరమ్మ వైపు చూసింది.

"ఇంట్లో ఇట్లాగే పిలుస్తుందా అమ్మగారూ?"

"అబద్ధమాడితే నా కళ్లు పోవాలి డాక్టరమ్మా," అంది పేరమ్మ. "మా ఇళ్లల్లో ఇప్పుడందరం ఇంతే. కంపెనీ చలవ."

నేను చూశాను, భవానీశంకర్ గారి ఛాతీ బొత్తాం తెగేంత పొంగింది. పక్కనున్న అధికార్ల వైపు తిరిగాడు. "విన్నారా? ఇళ్లల్లో కూడా మన పిలుపులే. చంటిపిల్లల నోట కూడా. ఇన్నేళ్ల కష్టం ఊరికే పోలేదు. కానివ్వండి డాక్టర్ గారూ, కానివ్వండి."

గింజ పచ్చగా వెలిగింది.

ఇక చూడాలి ఆ వరస. మొగుడి పేరు చచ్చినా పలకని ఇల్లాళ్లు సిగ్గుపడుతూ, "ట్యాంకరు ఐదండీ, ట్యాంకరు ఐదండీ" అన్నారు. పళ్లు లేని ముసల్ది ఒకతె కొడుకు గింజని బుగ్గకి ఆనించుకుని, "నా నాయనా, ఫిల్టరు మూడూ" అని ముద్దు చేసింది. కొత్త పెళ్లికూతురు ఒకతె మొగుణ్ణి పంపు పదకొండు బావా అంది. మాల్యాద్రి గింజకి అంకమ్మే నేర్పింది. "పంపు ఏడు, పంపు ఏడు" అంటా ఉంటే దాని కళ్లు అతని కట్టు మీదే ఉన్నాయి. భవానీశంకర్ గారు కళ్లు తుడుచుకున్నారని ఎవరో అన్నారు. నేనూ తుడుచుకున్నాను, నవ్వు ఆపుకోలేక. సాయంత్రానికి కాలనీ అంతటికీ చెవి వెనక కుట్టు పడింది.

కుట్టు మానిన తర్వాత మొదటి షిఫ్టు. మైకులో పిలుపు వచ్చింది, "పంపు రెండు, ఆఫీసుకి రావాలి." ఎవరూ రాలేదు. "ట్యాంకరు ఐదు, ట్యాంకరు ఐదు." ఎవరూ కదల్లేదు. సమ్మె కాదు, ఎవరూ పని మానలేదు. మీటలు తిరుగుతున్నాయి, నీళ్లు పారుతున్నాయి. పిలుపులు మాత్రం గడియారం చప్పుడులాగా గాలిలో పోతున్నాయి.

భవానీశంకర్ గారు స్వయంగా వచ్చి అంకమ్మ పక్కన నిలబడి, "పంపు రెండు" అన్నాడు. పిల్ల చూడలేదు. అరిచాడు. మొహం ఎర్రబడింది. నిరంజనిని పిలిపించాడు.

"ఏం చేశారు మీరు?"

"మీరు కానివ్వమన్నది చేశానండీ. ఇంటి పిలుపు మూశాను."

"తీసెయ్యండి. ఇప్పుడే."

"తియ్యాలంటే ఇంతమంది చెవుల వెనకా మళ్లీ కొయ్యాలి. నేను కొయ్యను."

"ఇంకొకర్ని తెస్తాను."

"తెచ్చుకోండి. వాళ్లొచ్చేలోపు మనుషుల్ని పేరుపెట్టి పిలవండి. అది తగులుతుంది."

"పేర్లా?" అన్నాడు. చుట్టూ చూశాడు. ఇన్నేళ్లుగా రోజూ చూసే మొహాలు. ఒక్క పేరూ తెలియదు. చివరికి గొంతు తగ్గించి అంకమ్మతో, "ఏమ్మా, నీ పేరేంటి?" అన్నాడు.

ఆయన పేరు అడిగేసరికి షెడ్డులోని ఆడవాళ్లంతా ఒక్కసారే తలలు తిప్పి అతని వైపు చూశారు. అంకమ్మ మీట ఆపి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు చెప్పింది. ఇంటిపేరుతో సహా. అర్థం కాలేదేమో అని రెండోసారి చెప్పింది. తర్వాత పక్కనున్నామె చెప్పింది. ఆమె పక్కనున్నామె. మాల్యాద్రి ఉన్న మూడు వేళ్లూ ఎత్తి తన పేరు తనే చాటాడు. కొత్త డాక్టర్ని తెచ్చినా ఎవరూ తల వంచి చెవి చూపించలేదు. అందర్నీ ఒక్కసారే గెంటేస్తే ఆ నీళ్లు ఎవరు తోడాలి?

ఆ సాయంత్రం షిఫ్టు వదిలారు. గేటు బయట నాగవేణిని ఎత్తుకుని నేనూ, పక్కన పేరమ్మా. జనం గుంపుగా వస్తున్నారు. అందులో తలవంచుకుని అంకమ్మ. నాగవేణి "అమ్మా" అంది. ఒక్క పిలుపుకే అంకమ్మ తిరిగి చూసింది.

ఇదే నేను కల్పించింది. మిగతాదంతా నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం, ఇది మాత్రం నమ్మకండి. అంకమ్మ తిరగలేదు. కొత్త గింజ ఆ మాటని వదిలేసినా, పాత గాడి అంత తొందరగా పూడదని నిరంజని ముందే చెప్పింది. మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు బుర్ర పనిచెయ్యక, "పంపు రెండు అనవే, తిరుగుద్ది" అన్నాను.

"అనను," అంది నాగవేణి. "అమ్మా" అంది. వినలేదు. చంకలోంచి దిగి, వీధి మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి పిలిచింది. జనం పక్కకి తప్పుకుని చూశారు. వాచ్‌మన్ వచ్చి ఇక్కడ అరవకూడదు అన్నాడు. వాడి మొహంలోకి చూస్తూ ఇంకా గట్టిగా పిలిచింది. గొంతు జీరపోయింది, పిలుస్తూనే ఉంది. కుళాయి మలుపు దాకా పోయిన అంకమ్మ అక్కడ ఆగింది. ఆగి, ఏదో మరిచిపోయినదానిలాగా చెవి వెనక తడుముకుని, వెనక్కి తిరిగింది.

అది కల్పించాల్సిన పని నాకు లేకపోయింది.